తల్లిపాలలో ఏమున్నది?

విద్యార్థి సంఘం వారు వచ్చి, "వార్షిక సంచికకు సైన్సు మీద ఏదైనా రాయండి సార్, కాని ఆర్ట్సు వాళ్ళకు కూడా అర్థం కావాలి" అని అడిగినప్పుడు నేను విషయం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. దానికి వారం రోజుల ముందే రెండో సంవత్సరం క్లాసులో ఒక ప్రశ్న వచ్చి నన్ను పట్టుకుంది.

వేడికి మాంసకృత్తులు గడ్డకట్టడం గురించి ఆ రోజు పాఠం. కోడిగుడ్డు ఉదాహరణ అయిపోయిన తర్వాత జున్ను సంగతి చెప్పాను. ఈనిన గేదె మొదటి రెండు మూడు రోజులు ఇచ్చే పాలలో బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద ఉంచితే చాలు, తోడు వెయ్యనక్కరలేదు, నిమ్మకాయ పిండనక్కరలేదు, తనంతట తానే గట్టిపడుతుంది. మామూలు పాలను ఎంతసేపు కాచినా అట్లా గట్టిపడవు. కారణం ఏమిటంటే, జున్నుపాలలో గ్లోబులిన్లు అనే మాంసకృత్తులు మామూలు పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి తగిలితే అవి ఒకదానినొకటి పట్టుకుని గడ్డకడతాయి. ఇంతవరకు చెప్పానో లేదో, వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి, "మరి మనుషుల జున్నుపాలు ఏం చేస్తారు సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లుమన్నది. నేనూ నవ్వేసి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయాను. నిజానికి జవాబు నాకు తెలుసు. మా ఇంట్లో వాటిని పిండి పారబోసేవాళ్ళు.

మా అమ్మమ్మ చాలా తెలిసిన మనిషి. ఊళ్ళో ఎవరింట పురుడైనా ఆవిడ ఉండవలసిందే. బిడ్డ పుట్టగానే తల్లికి పడే పసుపుపచ్చని చిక్కటి పాలను ముర్రుపాలు అంటారు కదా. "అవి పాత పాలు, కడుపులో నిలవ ఉన్నవి, బిడ్డకు పడవు" అని గిన్నెలోకి పిండించి పారబోయించేది. మూడో రోజు తెల్లపాలు పడేదాకా బిడ్డకు పంచదార నీళ్ళు, తేనె చుక్క, కాస్త ఆముదం. మా పిన్ని పురిటికి వచ్చిన వారంలోనే మా గేదె ఈనింది. అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. జున్ను ఎప్పుడు పెడతావని నేను చుట్టూ తిరుగుతుంటే, "ఉండరా, ముందు దూడను తాగనీ. ముర్రు తాగని దూడ బతకదు" అని గసిరింది ఆవిడే. ఒకే ఇంట్లో, ఒకే వారంలో, ఒకే మనిషి ఆడిన ఈ రెండు మాటలను దగ్గర పెట్టి చూడటానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

దూడ విషయంలో అమ్మమ్మ చెప్పినది అక్షరాలా నిజం. ఆవు, గేదెల మాయ నిర్మాణం ఎట్లాంటిదంటే, తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, దానిని దాటి పిండానికి చేరవు. దూడ దాదాపుగా ఏ రక్షణా లేకుండా పుడుతుంది. మొదటి రోజు దాని ప్రేగులు తెరిచిన తలుపుల్లాగా ఉండి, జున్నుపాలలోని ప్రతిరక్షకాలను యథాతథంగా రక్తంలోకి పోనిస్తాయి. సుమారు 24 గంటలలో ఆ తలుపులు మూసుకుంటాయి. ఆ తర్వాత ఎన్ని పాలు పోసినా ఆ లోటు తీరదు.

మనిషి బిడ్డ సంగతి వేరు. గర్భంలో ఉండగానే, ముఖ్యంగా చివరి మూడు నెలలలో, ఒక రకం ప్రతిరక్షకాలు మాయ గుండా తల్లి నుంచి వచ్చేస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు తేలిగ్గా జబ్బు పడటానికి ఇదీ ఒక కారణం. ఇది తెలిసిన తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు, అయితే మనుషులలో ముర్రుపాలకు పెద్ద ప్రాముఖ్యం లేదని చాలాకాలం అనుకున్నారు. వాళ్ళ తర్కం సరిగానే ఉన్నది, కాని పాలలోని ప్రతిరక్షకాలు రక్తంలోకి పోకుండా కూడా పని చెయ్యగలవన్న సంగతి అప్పటికి తెలియదు.

పాల ద్వారా రక్షణ వస్తుందని మొదట నిరూపించినవాడు జర్మనీ దేశస్థుడు పాల్ ఎర్లిఖ్. 1892లో ఆయన చేసిన ప్రయోగంలో వాడిన విషాలు మనకు బాగా పరిచయమైన గింజలలోవి. ఒకటి ఆముదపు గింజలలోని రిసిన్, రెండోది గురివింద గింజలలోని ఏబ్రిన్. (కంగారు పడకండి. ఆముదం తీసేటప్పుడు రిసిన్ తెలకపిండిలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు.) ఎలుకలకు ఈ విషాలను మొదట అతి కొద్దిగా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ ఇచ్చి, వాటికి నిరోధక శక్తి వచ్చేటట్లు చేశాడు. ఆ తర్వాత పిల్లలను తారుమారు చేశాడు. మామూలు ఎలుకకు పుట్టిన పిల్లలను నిరోధక శక్తి ఉన్న ఎలుక దగ్గర పాలు తాగనిచ్చాడు. ఆ పిల్లలు విషాన్ని తట్టుకున్నాయి. కన్నతల్లి దగ్గర లేని శక్తి పాలిచ్చిన తల్లి దగ్గర వచ్చిందన్నమాట. దాది పాలు తాగి పెరిగిన పిల్లల గురించి మన కథల్లో ఎన్ని ఉన్నా, ప్రయోగశాలలో దానికి రుజువు ఇదే మొదటిది.

మనుషుల పాలలో ఈ పని చేసేది ముఖ్యంగా ఇమ్యునోగ్లోబులిన్ ఏ అనే ప్రతిరక్షకం. పాలలో ఉండే దాని రూపం రక్తంలో ఉండే ప్రతిరక్షకాల కంటే భిన్నమైనదని 1961లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్స్ హాన్సన్ చూపించాడు. రెండు అణువులు జంటగా ఉంటాయి, వాటి చుట్టూ మరో మాంసకృత్తు చుట్టుకుని ఉంటుంది. ఈ చుట్టు ఉండబట్టే అవి బిడ్డ కడుపులో త్వరగా అరిగిపోవు. రక్తంలోకి పోనూ పోవు. నోరు, గొంతు, ప్రేగుల లోపలి గోడల మీద పూతలాగా నిలబడి, సూక్ష్మజీవులు గోడను అంటుకోకుండా వాటిని పట్టేసుకుంటాయి. వాపు లేదు, జ్వరం లేదు, పోరాటం జరిగినట్టు కూడా బిడ్డకు తెలియదు. ముర్రుపాలలో ఇది లీటరుకు పది గ్రాముల దాకా ఉంటుంది. తర్వాతి పాలలో ఒక గ్రాము చుట్టుపక్కలకు దిగుతుంది. అయితే బిడ్డ తాగే పాలు ఈలోగా ఎన్నో రెట్లు పెరుగుతాయి కనుక రోజు మొత్తం మీద అందేది మరీ అంతగా తగ్గదు.

ఇంతకంటే ఆశ్చర్యకరమైనది ఈ ప్రతిరక్షకం తయారయ్యే దారి. తల్లి చిన్నప్రేగు గోడలో పేయర్ పాచెస్ అనే కావలి స్థానాలు ఉన్నాయి. తల్లి తిన్న అన్నంతో, తాగిన నీళ్ళతో లోపలికి పోయిన సూక్ష్మజీవులను అక్కడి కణాలు గుర్తుపడతాయి. అట్లా గుర్తుపట్టిన తెల్లరక్తకణాలు కొన్ని అక్కడి నుంచి బయలుదేరి, రక్తంలో ప్రయాణం చేసి, పాలిచ్చే రోజులలో రొమ్ములలో చేరి, సరిగ్గా ఆ సూక్ష్మజీవికే తగిన ఇమ్యునోగ్లోబులిన్ ఏను తయారుచేస్తాయి. ఊపిరితిత్తుల దారిన వచ్చే సూక్ష్మజీవులకు కూడా ఇదే ఏర్పాటు. అంటే ఏ ఊరి తల్లి పాలలో ఆ ఊరి రోగాలకు మందు ఉంటుంది. ఏ బావి నీళ్ళు తల్లి తాగుతున్నదో, ఏ గాలి పీలుస్తున్నదో, పక్కింట్లో ఏ పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయో, వాటన్నిటి లెక్క పాలలోకి వస్తుంది. ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా డబ్బా మీద పేరు అచ్చు వెయ్యగలదు గాని, ఫలానా వీధిలో ఫలానా ఇంటికి అని పాలు తయారుచెయ్యలేదు.

ఇక మిగతా సైన్యం గురించి త్వరగా చెబుతాను. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, దానికి కొన్నేళ్ళ ముందే 1922లో కన్నీటిలోను, ముక్కు చీమిడిలోను లైసోజైమ్ అనే ఎంజైమును వర్ణించాడు. అది కొన్ని బాక్టీరియాల గోడలను కొరికేస్తుంది. ఆవుపాలతో పోలిస్తే తల్లిపాలలో ఇది వందల రెట్లు ఎక్కువ. లాక్టోఫెర్రిన్ అనే మాంసకృత్తు ఇనుమును గట్టిగా పట్టి ఉంచుతుంది. చాలా బాక్టీరియాలు ఇనుము లేకపోతే పెరగలేవు, కాబట్టి ఇది శత్రువు కోటకు తిండిగింజలు ఆపెయ్యటం లాంటిది. ఇవిగాక ముర్రుపాలలో ఒక్కొక్క మిల్లీలీటరులో లక్షల సంఖ్యలో సజీవమైన తెల్లరక్తకణాలు ఉంటాయి. పాలపొడిలో ప్రాణం ఉన్న కణం ఒక్కటీ ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

నన్ను అడిగితే పాలలో అన్నిటికంటే విచిత్రమైన పదార్థం మాత్రం ఇవేవీ కావు. ఒలిగోశాకరైడులు అనే పొడుగాటి చక్కెరలు. ఇప్పటికి 200కు పైగా రకాలను గుర్తించారు. లీటరు తల్లిపాలలో ఇవి 5 నుంచి 15 గ్రాముల దాకా ఉంటాయి. నీరు తీసేసి చూస్తే లాక్టోజు, క్రొవ్వుల తర్వాత మూడో స్థానం వీటిదే. ఇంత శ్రమపడి తల్లి శరీరం తయారుచేసే ఈ చక్కెరలను బిడ్డ జీర్ణం చేసుకోలేదు! వాటిని విరగ్గొట్టే ఎంజైములు బిడ్డకు లేవు. మరి ఎవరి కోసం ఈ వంట? పెద్దప్రేగులో ఉండే బిఫిడో బాక్టీరియాల కోసం. 1900 ప్రాంతాలలోనే, తల్లిపాలు తాగే పిల్లల మలంలో ఈ జాతి బాక్టీరియా అధికంగా ఉంటుందని గమనించారు. తర్వాత 1950లలో పాల్ జార్జీ మొదలైనవారు, దాన్ని పెంచుతున్నది పాలలోని ఈ చక్కెరలేనని తేల్చారు. ఈ బాక్టీరియాలు వాటిని తిని ఆమ్లాలను వదులుతాయి. ఆ పులుపులో విరేచనాలు కలిగించే బాక్టీరియాలు నిలదొక్కుకోలేవు. పాలు తాగే బిడ్డ విరేచనానికి దుర్వాసన ఉండదని, పుల్లని వాసన మాత్రమే వస్తుందని మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. కారణం ఇదీ. పైగా ఈ చక్కెరలు ప్రేగు గోడ మీద ఉండే చక్కెరల ఆకారంలోనే ఉండటం వల్ల కొన్ని సూక్ష్మజీవులు మోసపోయి, గోడను వదిలి వీటిని పట్టుకుని బయటికి కొట్టుకుపోతాయి. ఈ మధ్య కొన్ని డబ్బాపాలలో వీటిలో ఒకటి రెండు రకాలను ఫ్యాక్టరీలో తయారుచేసి కలుపుతున్నారు. రెండు వందలలో ఒకటి రెండు.

ఆహారంగా చూసినా తల్లిపాలు తీసిపోయేవి కావు. నూరు మిల్లీలీటర్లలో సుమారు 87 వంతులు నీరు, 7 గ్రాముల లాక్టోజు, 3.5 నుంచి 4 గ్రాముల క్రొవ్వు, ఒక గ్రాము మాంసకృత్తులు ఉంటాయి. 65, 70 కేలరీల శక్తి వస్తుంది. ఆవుపాలలో మాంసకృత్తులు ఇంతకు మూడు రెట్లు, గేదెపాలలో క్రొవ్వు దాదాపు రెట్టింపు. "అయితే గేదెపాలే బలం కదా" అని మీలో కొందరు అంటారు. దూడ రెండు నెలలు తిరక్కుండా బరువు రెట్టింపు కావాలి, పుట్టిన గంటల్లో లేచి నడవాలి. మనిషి బిడ్డ బరువు రెట్టింపు కావటానికి అయిదు నెలలు పడుతుంది, నడవటానికి ఏడాది. ఆ ఏడాదిలో వాడు ముఖ్యంగా పెంచుకునేది మెదడును. అందుకే తల్లిపాలలో మెదడు కట్టుబడికి కావలసిన ప్రత్యేక క్రొవ్వు ఆమ్లాలు ఉన్నాయి, లాక్టోజు ఎక్కువగా ఉంది. మాంసకృత్తులు మాత్రం లేత మూత్రపిండాలు మొయ్యగలిగినంతే ఉన్నాయి. వాటిలోనూ ఎక్కువ భాగం కడుపులో మెత్తగా విరిగే రకం. ఆవు, గేదె పాలలోది ఎక్కువగా గట్టిగా విరిగే కేసీన్. గేదెపాలు చిక్కనని నీళ్ళు కలిపితే మాంసకృత్తులు తగ్గుతాయి, నిజమే. దానితోపాటు లాక్టోజు, శక్తి కూడా తగ్గుతాయి. ఆ నీళ్ళలోని సూక్ష్మజీవులు మాత్రం అదనం.

మరో మాట. ఇనుము తల్లిపాలలో చాలా తక్కువ. కాని ఉన్నదానిలో సగం దాకా బిడ్డ ఒంటికి పడుతుంది. ఆవుపాలలో నూటికి పది వంతులు పట్టడం కష్టం. పాలిచ్చేటప్పుడు మొదట వచ్చేవి పలచగా, చివర వచ్చేవి క్రొవ్వుతో చిక్కగా ఉంటాయి. మొదటి చుక్క చూసి "పాలు నీళ్ళల్లే ఉన్నాయి" అని పెదవి విరిచేవాళ్ళు చివరి చుక్కను చూడరు. రోహిణి కార్తె ఎండల్లో అయినా ఆరు నెలల లోపు బిడ్డకు పైన నీళ్ళు అక్కరలేదు.

గాడిదపాల ప్రసక్తి రాకుండా ఈ వ్యాసం మన ప్రాంతంలో పూర్తి కాదు. పసిపిల్లలకు మంచివని గాడిదను వీధిలోకి తోలుకొచ్చి చిన్న గ్లాసు కొలతతో అమ్మడం మనం ఎరుగుదుము. నవ్వుకోనక్కరలేదు. లాక్టోజు, మాంసకృత్తుల లెక్కలో ఆవు, గేదెల కంటే గాడిదపాలే తల్లిపాలకు దగ్గర. లైసోజైమ్ కూడా బాగానే ఉంటుంది. అయితే వీధిలో పితికి, కాచకుండా, వారం రోజుల బిడ్డ నోట్లో పోసే పాలతో చేతి మురికి, గ్లాసు మురికి కూడా పోతాయి. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా కూడదని వైద్యులు అంటున్నారు. అందులో ఒక్కొక్కప్పుడు ఉండే బాట్యులిజం బీజాలు పసివాళ్ళ ప్రేగులలో మొలకెత్తగలవు.

పొగడ్త ఒక్కటే రాస్తే సైన్సు అనిపించుకోదు గనుక లోపాలు కూడా చెప్పాలి. తల్లిపాలలో విటమిన్ డి, విటమిన్ కె తక్కువ. అందుకనే పుట్టగానే కె ఇంజెక్షను ఇస్తారు, డి చుక్కలు వెయ్యమంటారు. ఇక తల్లి పేదరాలైనా ఆమె పాలలో మాంసకృత్తులు, లాక్టోజు పెద్దగా తగ్గవు. శరీరం తన కండ కరిగించి అయినా బిడ్డకు ఇస్తుంది. కాని బి విటమినుల విషయంలో అట్లా కాదు. మన సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరు మోసినవి. తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యం, కడిగిన నీళ్ళు పారబోత, వార్చిన గంజి పారబోత. వీటితో విటమిన్ బి1 అంతా పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో ఈ జబ్బు అంతగా లేదు. తల్లి తిరుగుతూనే ఉండేది. ఆమె పాలు తాగే బిడ్డ మూడు నాలుగు నెలల వయసులో, చూస్తుండగా గుండె ఆగి పోయేవాడు. మద్రాసు రాష్ట్రంలోని ఈ బెరిబెరి ప్రాంతపు శిశుమరణాల మీద అయ్‌క్రాయిడ్, కృష్ణన్ అనేవారు 1941లో ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. అయ్‌క్రాయిడ్ పనిచేసిన కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. బాలింతకు కారప్పొడి మెతుకులు తప్ప మరేదీ పెట్టకుండా నెలల తరబడి పథ్యం చేయించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. పథ్యం పెట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఈ రక్షణ ఎంతటిదో లెక్కలలో చూద్దాం. బ్రెజిల్‌లోని రెండు నగరాలలో జరిపి 1987లో ప్రకటించిన పరిశోధనలో, కేవలం తల్లిపాలు తాగే పిల్లలతో పోలిస్తే అసలు తాగని పిల్లలు విరేచనాలతో చనిపోయే ప్రమాదం 14 రెట్లు, శ్వాసకోశ వ్యాధులతో అయితే మూడున్నర రెట్లు అని తేలింది. 2006లో ఘనా దేశం నుంచి వచ్చిన పరిశోధన మన ముర్రుపాలకు నేరుగా సంబంధించినది. అక్కడ పిల్లలందరికీ పుట్టిన గంట లోపల పాలు పట్టించగలిగితే, మొదటి నెలలో జరిగే మరణాలలో నూటికి 22 తప్పి ఉండేవని వారి అంచనా. నెలలు నిండని పిల్లలకు ప్రేగు కుళ్ళిపోయే ఒక భయంకరమైన జబ్బు వస్తుంది. అది కూడా తల్లిపాలు తాగేవాళ్ళలో చాలా తక్కువ. అట్లాంటి పిల్లల కోసమే 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో ఆసియాలోకెల్లా మొదటి తల్లిపాల బ్యాంకు పెట్టారు. దానమిచ్చిన పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి శుద్ధి చేస్తారు. కణాలు చచ్చిపోతాయి, ప్రతిరక్షకాలు కొంత దెబ్బతింటాయి, పొడుగాటి చక్కెరలు మాత్రం చెక్కుచెదరవు.

ఇప్పుడు అమ్మమ్మలు పారబోయించటం తగ్గింది. పురుళ్ళు ఆసుపత్రులకు వెళ్ళాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 89 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అదే సర్వేలో, పుట్టిన గంట లోపల తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 42 మంది. మిగిలిన వాళ్ళ ముర్రుపాలను ఏ ముసలమ్మ పిండి పారబోసింది? తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లేనని కూడా అందులోనే ఉన్నది. తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో, బంధువుల చేతిలో పాలపొడి డబ్బా. ఈ డబ్బాల ప్రచారానికి కళ్ళెం వెయ్యాలని 1981లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఒక నియమావళిని ఆమోదించింది. మన దేశం 1992లో చట్టమే చేసి, 2003లో దానిని మరింత బిగించింది. రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడికి, ఆహారాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వెయ్యకూడదు, డాక్టర్లకు బహుమతులు ఇవ్వకూడదు. చట్టం బాగానే ఉంది.

కొన్నాళ్ళ క్రితం మా మేనకోడలికి ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నేను వెళ్ళేటప్పటికి మర్నాడు మధ్యాహ్నం అయింది. మంచం పక్కన బల్ల మీద డబ్బా, సీసా ఉన్నాయి. "పాలు పడలేదుట్రా, వాళ్ళే రాసిచ్చారు" అన్నది మా అక్కయ్య. డ్యూటీలో ఉన్న అమ్మాయిని అడిగితే, "మొదటి మూడు రోజులూ అంతే సార్, అందరికీ డబ్బాయే" అన్నది. నేను మేనకోడలి వైపు చూశాను. ఇట్లాంటి విషయం మేనమామ అడిగేది కాదని నాకూ తెలుసు. ఆ పిల్లే చిన్నగా అన్నది: "బొట్టు బొట్టు వస్తున్నాయి మావయ్యా, పసుపుపచ్చగా. అవి పాలేనా?"

అవేనని చెప్పాను. ఆ పసుపు రంగు కెరోటిన్ అని, మొదటి రోజు అందరికీ అన్నీ కలిపితే రెండు మూడు ఔన్సులకు మించి రావని, ఒక్కొక్కసారి చెంచాడే వస్తాయని, నిన్న పుట్టిన బిడ్డ కడుపులో పట్టేది కూడా చెంచా, రెండు చెంచాలేనని చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. వేరే రకంగా చెప్పటం నాకు చేతకాదు. అక్కయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సంచీలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. అది మా అమ్మమ్మదే. వేడినీళ్ళు పోసి దాన్ని రెండుసార్లు కడిగింది. నన్ను బయటికి వెళ్ళమన్నది. తలుపు తీసేసరికి డబ్బా బల్ల కింద ఉన్నది. గిన్నె ఖాళీగా ఉన్నది. "అరచెంచాడు వచ్చాయిరా" అన్నది అక్కయ్య.